కొనేవాడు ఒక్కడే ఉన్నప్పుడు ఆటగాడి ధర ఎంత?

2019 ఏప్రిల్లో అట్లాంటా బ్రేవ్స్ టీమ్ పది రోజులు తిరక్కుండా ఇద్దరు కుర్రాళ్లతో సంతకాలు చేయించుకుంది. ఒకడు వెనెజువెలా నుంచి వచ్చిన రొనాల్డ్ అకూన్యా జూనియర్, వయసు 21. ఎనిమిదేళ్లకు 10 కోట్ల డాలర్లు. ఇంకొకడు కురసావ్ దీవి కుర్రాడు ఓజీ ఆల్బీస్, వయసు 22. ఏడేళ్లకు 3.5 కోట్ల డాలర్లు. విడిగా చూస్తే రెండూ కళ్లు తిరిగే అంకెలే, కానీ బేస్‌బాల్ లెక్కలు తెలిసినవాళ్లు ఆ రోజు తల పట్టుకున్నారు, ముఖ్యంగా ఆల్బీస్ ఒప్పందం చూసి. అంత తక్కువకు ఎలా ఒప్పుకున్నాడని అందరూ అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు ఆ కుర్రాడి తెలివిలోనో ఏజెంటు చాకచక్యంలోనో వెతికితే దొరకదు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్లో ఆటగాడి మొదటి ఆరేళ్లకు కొనేవాడు ఒక్కడే ఉంటాడు, మిగతాదంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 2023లో 20 లక్షల రూపాయలకు తీసుకుంది, 2024 సీజన్లో అతను ఆడిన తీరు చూశాక 2025 వేలానికి ముందు 6 కోట్లిచ్చి అట్టిపెట్టుకుంది. రెండేళ్లలో జీతం ముప్ఫై రెట్లు అయింది. ఎందుకంటే వదిలేస్తే వేలంలో ఇంకో తొమ్మిది టీమ్‌లు కాచుకుని ఉంటాయని యాజమాన్యానికి తెలుసు. మేజర్ లీగ్ బేస్‌బాల్లో అయితే ఆ తొమ్మిది టీమ్‌ల భయం ఆరేళ్ల దాకా ఉండదు. మొత్తం 30 టీమ్‌లున్నా, ఒకసారి ఒక టీమ్ తన పేరు రాసుకున్నాక మిగతా 29 ఆ కుర్రాడి వైపు కన్నెత్తి చూడకూడదు.

ఆ ఆరేళ్లూ ఒకేలా ఉండవు. మొదటి మూడేళ్లు దాదాపు టీమ్ ఇచ్చిందే జీతం, అంటే కనీస వేతనమో దానికి కొంచెం ఎక్కువో. ఆ కనీసం 2025లో 7 లక్షల 60 వేల డాలర్లు. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే జీతం మీద పేచీ వస్తే బయటి మధ్యవర్తుల దగ్గరికి వెళ్లే హక్కు. ఆరేళ్లు నిండాక ఫ్రీ ఏజెన్సీ, ఎవరితోనైనా బేరం చేసుకోవచ్చు. ఏజెంట్లు, క్లబ్బులు నోటి లెక్కగా చెప్పుకునేది ఏంటంటే, బయటి మార్కెట్లో దొరికే జీతంలో ఆర్బిట్రేషన్ మొదటి ఏడాది 40 శాతం, రెండో ఏడాది 60, మూడో ఏడాది 80 శాతం దాకా వస్తుందని. అది రూలేం కాదు, అంచనా మాత్రమే, కానీ బేరాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఏడాది అంటే కూడా క్యాలెండర్ ఏడాది కాదు. సీజన్ సుమారు 187 రోజులుంటే అందులో 172 రోజులు పెద్ద టీమ్‌తో ఉంటే ఒక సర్వీస్ ఏడాది కింద లెక్క. ఈ రోజుల లెక్కతో ఏం చేయొచ్చో 2015లో షికాగో కబ్స్ చూపించింది. క్రిస్ బ్రయంట్ ఆ ఏడాది ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో 9 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టినా సీజన్ మొదట్లో కింది స్థాయి టీమ్‌కు పంపారు. ఫీల్డింగ్ మెరుగుపడాలని కారణం చెప్పారు. ఏప్రిల్ 17న పైకి పిలిచారు. సీజన్ అయ్యాక లెక్క చూస్తే అతని ఖాతాలో 171 రోజులు. ఒక్క రోజు తక్కువ! ఆ ఒక్క రోజుతో అతని స్వేచ్ఛ ఏడాది వెనక్కి పోయింది, కబ్స్‌కు ఒక ఏడాది అదనంగా దక్కింది. అతను ఫిర్యాదు వేశాడు, 2020 జనవరిలో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది, ఎందుకంటే రాసుకున్న నిబంధన ప్రకారం కబ్స్ చేసిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇలాంటివి చూసి చూసి లీగ్‌కూ ఆటగాళ్ల యూనియన్‌కూ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో ఒక చిన్న దిద్దుబాటు చేశారు: ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాడికి రోజులు తక్కువైనా పూర్తి ఏడాది ఇవ్వాలి. పిట్స్‌బర్గ్ పిచర్ (బంతి వేసేవాడు) పాల్ స్కీన్స్ 2024 మేలో పైకొచ్చి కూడా ఈ దారిలో పూర్తి ఏడాది సంపాదించాడు.

రోజుల లెక్కలో ఇంకో మెలిక కూడా ఉంది. రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని వాళ్లలో ఎక్కువ రోజులున్న పైవరస 22 శాతం మందిని ‘సూపర్ టూ’ అంటారు, వాళ్లకు ఆర్బిట్రేషన్ ఒక ఏడాది ముందే వస్తుంది, మూడుకు బదులు నాలుగుసార్లు. ఈ మెలిక గుర్తుంచుకోవాలి, హువాన్ సోటో దగ్గర మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు ఆర్బిట్రేషన్ గదిలోకి వెళ్దాం, అసలు తమాషా అక్కడుంది. మన ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ అయితే ఒకడు పది అడిగి ఇంకొకడు ఆరు ఇస్తానంటే ఎనిమిదికి తెగ్గొడతారు, ఇద్దరూ సణుక్కుంటూ లేచిపోతారు. బేస్‌బాల్లో మధ్యకు తెగ్గొట్టే అధికారం మధ్యవర్తులకు లేదు. ఆటగాడు ఒక అంకె ఇస్తాడు, క్లబ్ ఒక అంకె ఇస్తుంది, ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఆ రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. తాడో పేడో. ఒక్కో పక్షానికి వాదనకు గంట, ఎదుటివాళ్లకు బదులు చెప్పడానికి అరగంట. తీర్పు సాధారణంగా 24 గంటల్లో వచ్చేస్తుంది, కారణాలు రాయరు. చూడాల్సినవి ఏంటో రాసిపెట్టి ఉంటాయి: గత సీజన్లో ఆట, కెరీర్లో నిలకడ, ఇప్పటిదాకా జీతం, అదే సర్వీస్ ఉన్న మిగతా ఆటగాళ్ల జీతాలు, శారీరక మానసిక లోపాలు, టీమ్ ఈమధ్య ఎలా ఆడింది. చూడకూడనివీ రాసి ఉంటాయి, వాటిలో ముఖ్యమైంది క్లబ్ ఆర్థిక పరిస్థితి. అంటే టికెట్లు, టీవీ హక్కుల మీద క్లబ్ ఎంత వెనకేసిందనేది ఆ గదిలో మాట్లాడటానికే లేదు.

మిల్వాకీ బ్రూవర్స్ పిచర్ కోర్బిన్ బర్న్స్ 2023 ఫిబ్రవరిలో ఈ గదిలో కూర్చున్నాడు. 2021లో తన లీగ్‌లో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు గెలిచినవాడు, 2022లో 243 మందిని స్ట్రైక్ అవుట్ చేసి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచినవాడు. అతను అడిగింది కోటీ 7 లక్షల 50 వేల డాలర్లు, క్లబ్ ఇస్తానన్నది కోటీ 10 వేలు. తేడా 7 లక్షల 40 వేలు, ఒక కొత్త కుర్రాడి కనీస వేతనమంత. మధ్య అంకె కోటీ 3 లక్షల 80 వేలు. ప్యానెల్ అడుక్కోవాల్సిన ప్రశ్న నిజానికి ఒక్కటే: ఇతని విలువ ఆ మధ్య అంకెకు పైనా, కిందా? ఒక్క డాలర్ కిందున్నా క్లబ్ అంకే వస్తుంది. అలాంటప్పుడు క్లబ్ లాయర్ పనేంటి? ఆ ఆటగాడు ఎంత గొప్పవాడో కాదు, ఎక్కడెక్కడ తక్కువో చూపించడం. అదీ ఎదురుగా ఆ ఆటగాణ్నే కూర్చోబెట్టుకుని. బ్రూవర్స్ గెలిచింది. టీమ్ ప్లేఆఫ్స్‌కు వెళ్లకపోవడానికి తననే ముందు పెట్టి మాట్లాడారని, క్లబ్‌తో సంబంధం దెబ్బతిన్న మాట కాదనలేనని బర్న్స్ ఆ తర్వాత పత్రికల వాళ్లకు దాపరికం లేకుండా చెప్పాడు. ఏడాది తిరిగేసరికి బాల్టిమోర్‌కు ట్రేడ్ అయ్యాడు, అంటే క్లబ్ అతన్ని వేరే ఆటగాళ్లకు బదులుగా ఇచ్చేసింది, 2024 డిసెంబర్లో ఆరిజోనాతో ఆరేళ్లకు 21 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు.

2017లో న్యూయార్క్ యాంకీస్ పిచర్ డెలిన్ బెటాన్సెస్‌ది ఇంకా చేదు అనుభవం. అతను 50 లక్షలడిగాడు, క్లబ్ 30 లక్షలంది, క్లబ్ గెలిచింది. గెలిచినవాళ్లు ఊరుకోవచ్చు కదా. క్లబ్ ప్రెసిడెంట్ ప్రత్యేకంగా ఫోన్‌లో విలేకరులను కలుపుకుని, అతనడిగిన అంకెకు వాస్తవంతో సంబంధమే లేదన్నట్టు మాట్లాడాడు. వరసగా మూడేళ్లు ఆల్‌స్టార్ అయిన ఆటగాడి గురించి, వచ్చే వారం నుంచి మళ్లీ తమ కోసమే బంతి వేయాల్సినవాడి గురించి!

ఇంత చిన్న తేడాలకు కోట్ల వ్యాపారం చేసే క్లబ్బులు ఇంత గట్టిగా ఎందుకు కొట్లాడతాయంటే, ఒకడి అంకె ఇంకొకడి వాదన అవుతుంది కాబట్టి. పోలిక జీతాల మీదే ఈ పద్ధతి నిలబడింది. ఈ ఏడాది మూడేళ్ల సర్వీస్ ఉన్న ఒక పిచర్‌కు పది లక్షలు ఎక్కువొస్తే వచ్చే ఏడాది అదే సర్వీస్ ఉన్న పిచర్లందరి ఏజెంట్లూ ఆ కాగితం పట్టుకుని వస్తారు. అందుకే ఒక క్లబ్ కేసు ముప్ఫై క్లబ్బుల కేసు, లీగ్ ఆఫీసు వీటన్నిటినీ ఒక తాటి మీద నడిపిస్తుంది. ఆర్బిట్రేషన్లో జీతాలు బాగా అదుపులో పెట్టిన క్లబ్‌కు లీగ్ వాళ్లు ఒక నకలు ఛాంపియన్‌షిప్ బెల్టు కూడా ఇచ్చేవాళ్లని 2019లో బయటపడింది. కుర్రాళ్ల జీతాలు తొక్కిపెట్టినందుకు బహుమతి. ఆటగాళ్ల యూనియన్ మండిపడింది, మండిపడదా మరి. ఈమధ్య చాలా క్లబ్బులు జనవరిలో అంకెలు ఇచ్చిపుచ్చుకున్నాక ఇక ఒక్క ఏడాది జీతం మీద బేరమాడటమే లేదు, నేరుగా విచారణకే.

గెలిచినా పూర్తిగా గెలిచినట్టు కాదనడానికి ఇంకో కేసు. 2024లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు జె.డి. డేవిస్ 69 లక్షలడిగాడు, క్లబ్ 65 లక్షల 50 వేలంది, డేవిస్ గెలిచాడు. నెల కూడా కాకుండానే క్లబ్ అదే స్థానానికి మ్యాట్ చాప్‌మన్‌ను తెచ్చుకుని డేవిస్‌ను వదిలేసింది. విచారణ దాకా వెళ్లకుండా రాజీ పడితే ఆ జీతానికి పూర్తి గ్యారంటీ ఉండేది, విచారణలో గెలుచుకున్న జీతానికి లేదు. 30 రోజుల జీతం కింద సుమారు 11 లక్షల డాలర్లు చేతిలో పెట్టి పంపేశారు. తర్వాత ఓక్లండ్‌లో 25 లక్షలకు కుదురుకున్నాడు.

ఈ ఏర్పాటంతా ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1970ల దాకా ఆటగాడు జీవితాంతం ఒకే క్లబ్ సొత్తు. 1969లో సెయింట్ లూయిస్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేస్తే, నన్ను అమ్మడానికీ కొనడానికీ నేను ఆస్తిని కాదని కమిషనర్‌కు ఉత్తరం రాసి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1972లో 5-3 తేడాతో ఓడిపోయాడు. కెరీర్ కూడా పోయింది. మరుసటి ఏడాది యజమానులు ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకున్నారు, 1974లో మొదటి విచారణలు జరిగాయి, మిన్నెసోటా పిచర్ డిక్ వుడ్సన్ 23 వేలు ఇస్తానన్న క్లబ్ మీద 29 వేల డాలర్లు గెలుచుకున్నాడు. జీతం విషయంలో కొంచెం న్యాయం చేస్తే స్వేచ్ఛ అడగరని యజమానుల ఆశ. అది రెండేళ్లు కూడా నిలవలేదు. 1975 డిసెంబర్లో మధ్యవర్తి పీటర్ సైట్జ్ పిచర్లు ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీలకు విముక్తి ఇచ్చాడు. అప్పుడు ఓక్లండ్ యజమాని చార్లీ ఫిన్లీ ఒక మాటన్నాడు, అందర్నీ ఏటా ఫ్రీ ఏజెంట్లను చేసేయండని. యూనియన్ నాయకుడు మార్విన్ మిల్లర్ భయపడింది సరిగ్గా దానికే, ఎందుకంటే ఒకేసారి వందల మంది మార్కెట్లోకి వస్తే ధర పడిపోతుంది. ఆరేళ్ల గడువు రెండు వైపులకూ సరిపోయింది. ఇక్కడ మిల్లర్ లెక్క తప్పని అనలేం, కానీ ఆ ఆరేళ్ల మూల్యం చెల్లిస్తున్నది మాత్రం అప్పటినుంచీ కుర్రాళ్లే.

ముందస్తు ఒప్పందం, అంటే ఎక్స్‌టెన్షన్, ఈ ఆరేళ్ల మీద కట్టిన వ్యాపారం. 1990ల మొదట్లో క్లీవ్‌లండ్ జనరల్ మేనేజర్ జాన్ హార్ట్ దీన్ని ఒక పద్ధతిగా మార్చాడు. ఆర్బిట్రేషన్ దాకా రాని సాండీ అలోమార్, కార్లోస్ బైర్గా లాంటి కుర్రాళ్లను కూర్చోబెట్టి, ఇప్పుడే కొన్నేళ్లకు కలిపి ఇంత ఇస్తాం, గాయమైనా ఫామ్ పోయినా ఈ డబ్బు నీదే అన్నాడు. బదులుగా క్లబ్‌కు దక్కేది తక్కువ ధర, పైగా ఫ్రీ ఏజెన్సీలోంచి కొన్నేళ్లు. 2008లో టాంపా బే వాళ్లు ఇవాన్ లాంగోరియాతో అతను పెద్ద లీగ్‌లోకొచ్చి వారం కూడా కాకముందే ఆరేళ్లకు 1.75 కోట్లకు సంతకం పెట్టించారు.

ఆల్బీస్ కాగితాన్ని దగ్గర్నుంచి చూస్తే కిటుకు తెలుస్తుంది. 2019, 2020ల్లో పది పది లక్షలు. 2021లో 30 లక్షలు, 2022లో 50 లక్షలు, 2023లో 70 లక్షలు. ఈ మూడూ మామూలుగా అయితే అతని ఆర్బిట్రేషన్ ఏళ్లు. ఆ తర్వాత 2024, 2025కు అదే 70 లక్షలు, నిజానికి అవి అతను స్వేచ్ఛగా అమ్ముకోవాల్సిన ఏళ్లు. ఇక చివర్లో 2026, 2027లకు ఆప్షన్, అదీ 70 లక్షల చొప్పున. ఆప్షన్ అంటే నిర్ణయం క్లబ్‌ది. బాగా ఆడితే చవగ్గా ఉంచుకుంటుంది, ఆడకపోతే 40 లక్షలిచ్చి సాగనంపుతుంది. అంటే బాగుంటే లాభం వాళ్లది, బాగోకపోయినా నష్టానికి హద్దు ఉంది. 2021లో ఆల్బీస్ 30 హోమ్ రన్లు కొట్టాడు, బ్రేవ్స్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది. 2023లో 33 కొట్టాడు. పేపర్లలో అందరూ 3.5 కోట్ల గురించి రాశారు గానీ, ఆ ఒప్పందంలో అసలు విలువైన వస్తువు చివరి రెండు ఆప్షన్లు.

క్లబ్ రిస్కు తీసుకుంటుంది కదా అనే వాదన ఉంది, పూర్తిగా అబద్ధం కాదు. 2014లో హ్యూస్టన్ వాళ్లు జాన్ సింగిల్టన్‌కు ఒక్క మ్యాచ్ ఆడకముందే ఐదేళ్లకు కోటి డాలర్లిచ్చారు. చవగ్గా అమ్ముడుపోయాడని తోటి ఆటగాళ్లే విసుక్కున్నారు. మొదటి సీజన్లో అతని బ్యాటింగ్ సగటు .168 మాత్రమే, రెండో ఏడాది తర్వాత మళ్లీ 2023 దాకా పెద్ద లీగ్‌లో కనబడలేదు. ఆ కోటి డాలర్లు అతనికి ఒక జీవితం, హ్యూస్టన్‌కు మాత్రం ఖాతాలో ఒక వరస. అకూన్యా విషయంలోనూ అంతే, 2021లో ఒక మోకాలు, 2024లో ఇంకో మోకాలు దెబ్బతిన్నాయి. మధ్యలో 2023లో 41 హోమ్ రన్లు, 73 దొంగ బేస్‌లతో (బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం) ఎవరూ చేయనిది చేసి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఆ ఏడాది అతని జీతం 1.7 కోట్లు. ఆ మోకాళ్లు చూశాక భద్రత కోరుకోవడం తప్పని ఏ ముఖం పెట్టుకుని అంటాం?

కానీ భద్రత అవసరం అందరికీ ఒకేలా ఉండదు, అసలు కీలకం అక్కడే ఉంది. పదహారేళ్లకు క్లబ్‌తో మొదటి సంతకం పెట్టినప్పుడు చేతికొచ్చిన డబ్బు చూడండి. అకూన్యాకు లక్ష డాలర్లు. ఆల్బీస్‌కు మూడున్నర లక్షలు. హువాన్ సోటోకు 15 లక్షలు. టొరంటో ఆటగాడు వ్లాదిమిర్ గెరెరో జూనియర్‌కు 39 లక్షలు, పైగా తండ్రి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న ఆటగాడు, ఇంట్లో డబ్బుకు లోటు లేదు. ఇప్పుడు ఎవరు ఎంతకాలం ఆగారో చూడండి. సోటో సూపర్ టూ కాబట్టి నాలుగుసార్లు ఆర్బిట్రేషన్ మెట్లెక్కాడు: 85 లక్షలు, 1.71 కోట్లు, 2.3 కోట్లు, 3.1 కోట్లు. మధ్యలో 2022లో వాషింగ్టన్ 15 ఏళ్లకు 44 కోట్లు ఇస్తామంటే వద్దన్నాడు, ట్రేడ్ అయ్యాడు, ఇంకోసారి ట్రేడ్ అయ్యాడు, 2024 డిసెంబర్లో న్యూయార్క్ మెట్స్‌తో అదే 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు సంతకం పెట్టాడు. గెరెరో 2024లో విచారణకెళ్లి క్లబ్ 1.805 కోట్లంటే తన 1.99 కోట్లు గెలిచాడు, ఫ్రీ ఏజెంట్ కావడానికి ఒక సీజన్ ఉండగా 2025 ఏప్రిల్లో 14 ఏళ్లకు 50 కోట్లు తీసుకున్నాడు. ఈ నలుగురి ఆటలో తేడా ఉంది, కాదనలేం, రెండో బేస్ ఆటగాడు ఆల్బీస్ సోటో అంత బ్యాటర్ కాదు. అయినా ధరల్లో ఉన్న ఇంత దూరాన్ని ఒక్క ఆటతోనే కొలిస్తే లెక్క కుదరదు. చేతిలో డబ్బున్నవాడు ఆగగలిగాడు, లేనివాడు మొదట కనబడిన ఒడ్డుకు చేరాడు. క్లబ్బులకు ఇది బాగా తెలుసు, కాబట్టే మూడేళ్లు నిండకముందే, చేతికి కనీస వేతనం మాత్రమే వస్తున్న రోజుల్లోనే కాగితం తెచ్చి ముందు పెడతాయి.

అరుదుగా క్లబ్బే కాగితం చించేసిన సందర్భం కూడా ఉంది. కాన్సస్ సిటీ క్యాచర్ సాల్వడోర్ పెరెజ్ 2012లో ఐదేళ్లకు 70 లక్షలకే సంతకం పెట్టాడు, 2015 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2016లో, ఇంకా చవకైన ఆప్షన్లు చేతిలో ఉండగానే, క్లబ్ ఐదేళ్లకు 5.25 కోట్ల కొత్త ఒప్పందం ఇచ్చింది. ఇవ్వాల్సిన పని లేదు, ఇచ్చింది.

అయితే అలాంటి మంచి మనసు మీద ఆధారపడి ఒక వ్యవస్థను నడపలేం. 2021 డిసెంబర్ నుంచి 99 రోజులు సాగిన లాకౌట్‌కు (యజమానులే ఆటగాళ్లను బయట పెట్టి పని ఆపేయడం) ముందు లీగ్ ఒక ప్రతిపాదన తెచ్చింది, ఆర్బిట్రేషన్ తీసేసి ఫార్ములాతో జీతాలు తేలుద్దామని. యూనియన్ ఒప్పుకోలేదు, సరిగ్గానే చేసింది, ఎందుకంటే ఆ గది ఎంత చేదుగా ఉన్నా ఆటగాడికి ‘కాదు’ అనే హక్కు మొదటిసారి దొరికేది అక్కడే. మూడేళ్లకు బదులు రెండేళ్లకే ఆర్బిట్రేషన్ ఇవ్వమని యూనియన్ అడిగింది, అదీ కుదరలేదు. చివరికి ఆర్బిట్రేషన్‌కు రాని వందమంది మంచి ఆటగాళ్లకు ఏటా 5 కోట్ల డాలర్ల బోనస్ నిధి ఒకటి పెట్టారు. స్కీన్స్‌కు 2024కు అందులోంచి సుమారు 21 లక్షల 50 వేలు వచ్చాయి, అతని జీతానికి రెట్టింపు కంటే ఎక్కువ. మార్చాల్సింది ఆ వైపే. విచారణ గది మర్యాద నేర్చుకుంటే మంచిదే, కానీ బేరం తారుమారయ్యేది మాత్రం మొదటి మూడేళ్లలో కుర్రాడి చేతికి ఎంత వస్తుందన్నదాని మీద. అక్కడ నిధి రెట్టింపైతే చాలు, ఆగగలిగినవాళ్లు పెరుగుతారు, ఎక్స్‌టెన్షన్ కాగితాల మీద అంకెలు వాటంతటవే మారతాయి.

లీగ్, యూనియన్ల మధ్య ఇప్పటి ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1తో తీరుతుంది. ఆల్బీస్ కాగితంలోని చివరి ఆప్షన్ ఆ తర్వాతి సీజన్‌ది, 2027. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు నిండుతాయి. ఆ ఏడాదికి రాసిపెట్టిన జీతం, ఇరవై రెండేళ్ల వయసులో ఒప్పుకున్న అదే 70 లక్షల డాలర్లు.